వేలాడు ఉపకరణములు: రెండు

అద్దె ఇల్లని చిన్నచూపు చూడకండి, మీ ఇల్లే అనుకుని బాగుచేసుకోండి అని పట్టణ అద్దె నివాసాల మండలి వారు ఉగాది ముందు రోజు మా కాలనీ గేటుకు ఒక బట్ట కట్టారు. ‘మన అద్దె – మన అభివృద్ధి’ అని పథకం పేరు దాని మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. కింద నల్ల అక్షరాలతో ఇంకో వాక్యం. ‘అనుమతి లేనిదే మేకు కూడా కొట్టరాదు.’ ఎర్ర అక్షరాలు నెలలోపే ఎండకు వెలిసిపోయాయి. నల్లవి ఇప్పటికీ చదువుకోవచ్చు.

నేను కాలువ మీద లస్కరును. షట్టర్లు ఎత్తడం, దించడం నా పని. ఎంత ఎత్తమంటే అంత ఎత్తుతాను. ఎందుకని అడగను. పదకొండేళ్ళుగా బి-14లో ఉంటున్నాం, నేనూ మా ఆడమనిషి కోటమ్మా. కూతురు మల్లీశ్వరిని అద్దంకి అవతల ఇచ్చాం.

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున హాల్లో ఫ్యాను ఆగిపోయింది. ఆగేముందు మూడు రోజులు మూలిగింది. మెకానిక్ విప్పి, లోపలికి చూసి, మళ్ళీ బిగించకుండానే చేతులు తుడుచుకున్నాడు. “దీనికి దండం పెట్టి కొత్తది తెచ్చుకో మావా” అన్నాడు. ఆ సాయంత్రమే తెచ్చాను. తెచ్చిన ఫ్యాను అట్టపెట్టెలో మంచం కింద ఉంది. అది అక్కడినుంచి పైకి ఎక్కాలంటే మండలి అనుమతి కావాలి.

అడక్కుండా ఎక్కించవచ్చు గదా అని మీరనవచ్చు. బి-9లో ఉండే టైలరు అట్లాగే అనుకుని, కారే కుళాయి తీసేసి కారని కుళాయి పెట్టుకున్నాడు. ‘పారు ఉపకరణమును దాని స్వభావమునకు విరుద్ధముగా మార్చినందున ఇల్లు ఏల ఖాళీ చేయించరాదో’ తెలపమని నోటీసు వచ్చింది. టైలరు పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, తన కుళాయిని తాను గుర్తుపట్టి, తెచ్చి బిగించాడు. మండలి ఏఈ గారు వాచీ చూసుకుంటూ నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, పాత తనిఖీ కాగితంతో సరిపోయాయని నోటీసు వెనక్కి తీసుకున్నారు. టైలరు ఇప్పుడు ఆ కుళాయి కింద బక్కెట్టు పెట్టుకుని హాయిగా ఉన్నాడు.

మాకు హాయిగా ఉండే వీల్లేదు. మల్లీశ్వరికి తొలిచూలు. రోహిణి కార్తెలో పురుడు. తొలి కాన్పు పుట్టింట్లో కావాలని కోటమ్మ ఆర్నెల్లుగా పాత చీరలు చించి బొంతలు కుడుతోంది. ఫ్యాను సంగతి ఎవరు చేరవేశారో, వియ్యపురాలు రాజ్యలక్ష్మమ్మ ఫోను చేసింది.

“వదినా, రోహిణి ఎండల్లో ఫ్యాను లేని ఇంటికి చూలాలిని ఎట్టా పంపేది? మీ ఇంట్లో ఫ్యాను తిరుగుతుందని తెలిసినాకే పంపుతాం. లేదంటే ఇక్కడే పోసుకుంటాం పురుడు.”

కోటమ్మ ఫోను పెట్టేసి నా వంక చూసింది. నేను చొక్కా వేసుకున్నాను.

*

మండలి ఆఫీసులో గుమాస్తా పరాంకుశం గారు మా కాలనీ చూస్తారు. కళ్ళద్దాలు ముక్కు చివర, పెన్ను చెవి మీద ఉంటాయి.

“ఏం మారుస్తావు యలమందా?”

“ఫ్యానండి.”

“ఫ్యాను అనబోకు. ఫారంలో ఫ్యాను లేదు. వేలాడు ఉపకరణం అను.”

అన్నాను. ఆయన అప్పగింత రిజిస్టరు తీసి, వేలితో వరసలు దిగుతూ చదివారు. “బి-14. నిలబడు ఉపకరణములు, లేవు. పారు ఉపకరణములు, మూడు. వేలాడు ఉపకరణములు, రెండు.”

“రెండేంది సారూ? ఒకటే గదా.”

“ఒకటి, పంకా. రెండు...” అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. “గుమ్మడికాయ.”

ఆ జాబితా రాసింది పరాంకుశం గారే. అప్పుడాయన ఉద్యోగంలో కొత్త. ఇంట్లో వేలాడేవన్నీ రాసుకురమ్మని పంపితే, వేలాడేవన్నీ రాసుకొచ్చారు. మాకు ముందున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ బల్బులు కూడా పట్టుకుపోయారు గాని, గుమ్మానికి కట్టిన దిష్టి గుమ్మడికాయను ఎవరు పట్టుకుపోతారు. అది అక్కడే వేలాడుతూ ఉంది. కింద నేను సంతకం కూడా పెట్టాను.

“ఆ రెండో ఉపకరణం ఉందా?” అన్నారు పరాంకుశం గారు.

“ఉందండి.”

“అదేనా?”

“అదే ఎట్టా ఉంటుందండి, కుళ్ళిపోదా? ఏటా ఉగాదికి మారుస్తాం.”

చెవి మీది పెన్ను చేతిలోకి వచ్చింది.

“మారుస్తారా?”

“మారుస్తామండి.”

“ఎవరి అనుమతితో?”

“మా ఇంటిదాని అనుమతితో.”

“పదకొండేళ్ళు. పదకొండు అనధికార మార్పిడులు” అని రాసుకున్నారు.

“ఒక ఏడు మధ్యలోనే రాలిపోయిందండి. పన్నెండు.”

ఆయన పదకొండు కొట్టేసి పన్నెండు వేశారు. పంకా, గుమ్మడికాయ ఒకే గడిలో ఉన్నాయి గనుక ఒకే ఫైలు అవుతాయనీ, రెండోదాని సంగతి తేలందే ఒకటోది కదలదనీ చెప్పారు. పోనీ అందాకా ఒక టేబుల్ ఫ్యాను పెట్టుకోనా అన్నాను. అది నిలబడు ఉపకరణం, మా ఇంట్లో నిలబడు ఉపకరణాలు లేవని రిజిస్టరులో ఉంది, లేనిదాన్ని పెడితే అది మార్పు కాదు, చేర్పు, చేర్పులకు పథకం ఇంకా రాలేదు అన్నారు.

ఇంటికొచ్చి చెప్పాను. కోటమ్మ గుమ్మం దగ్గర నిలబడి గుమ్మడికాయను చాలాసేపు చూసింది.

“నీ దిష్టి తీసేదానికి ఇంకోటి కట్టాలేమే తల్లీ” అంది దానితో.

*

వారం తర్వాత ఏఈ వేదాద్రి గారు తనిఖీకి వచ్చారు. బండి కొత్తది. సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. దాన్ని వేపచెట్టు నీడలో ఆపి, నీడ జరిగితే మళ్ళీ జరపమని నాకు చెప్పి, గుమ్మడికాయ కింద నిలబడ్డారు.

“సాంకేతిక వివరాలు నమోదు చేయవలసి ఉన్నది. తయారీ?”

“పాదు” అన్నాను.

“ఎక్కడిది?”

“మా బావమరిది గొడ్లచావిడి మీదదండి.”

“మూల ఉపకరణము కూడా అదే తయారీయా?”

“దాన్ని సంతలో కొన్నారంట.”

“అంటే నమూనా మారినది” అని రాసుకున్నారు. “సామర్థ్యం?”

“అయిదారు కేజీలు ఉంటదండి.”

“అది బరువు. నేను అడుగుతున్నది సామర్థ్యం.”

కోటమ్మ లోపల్నుంచి వచ్చింది. “ఎంత దిష్టయినా ఆపుద్ది సారూ.”

“ఎంతయినా అని ఫారములో వ్రాయుటకు వీలు లేదమ్మా. గరిష్ఠ పరిమితి ఉండవలెను.”

కోటమ్మ ఆలోచించింది. “వీధిలో వాళ్ళ దాకా ఆపుద్ది. మా తోడికోడలు వస్తే చెప్పలేను.”

ఏఈ గారు రాశారు. ‘గరిష్ఠ సామర్థ్యం: తోడికోడలు మినహా.’

“ఇప్పుడు పనిచేయుచున్నదా?”

“చేస్తంది. పదకొండేళ్ళుగా చల్లగా ఉన్నాం గదా.”

“ఫ్యాను కాలిపోయినది కదా.”

కోటమ్మ చెంగుతో మెడ మీది చెమట తుడుచుకుంది.

“పరీక్షించవలెను” అన్నారు ఏఈ గారు. “దీనిపై దృష్టిని ప్రయోగించి, ఫలితమును నమోదు చేయవలెను. ఇక్కడ దృష్టి గలవారు ఎవరైనా ఉన్నారా?”

ఆ మాటకు చుట్టూ చేరిన కాలనీ అంతా, పిలిచినట్టుగా, బి-15 వైపు చూసింది.

బి-15లో గురవయ్య బాబాయి ఉంటాడు. కాంపౌండరుగా చేసి దిగిపోయాడు. మంచివాడు. కాని నోటితో బాగుందన్నది ఏదీ తర్వాత బాగుండదు. సొరపాదు విరగకాసిందే అన్నాడు, మూడో రోజుకు పాదు ఎండింది. గేదె భలే నిండుగా ఉందే అన్నాడు, అది పాలు ఎగదన్నింది. అప్పట్నుంచి అతను వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు పిల్లల మొహాలకు చెంగులు కప్పేస్తారు. బాబాయికి ఆ సంగతి తెలుసు. తెలిసి, ఎప్పుడూ నేల చూపులు చూస్తూ నడుస్తాడు.

ప్రభుత్వం వారు తన కళ్ళను అడుగుతున్నారని చెబితే అతను మొదట నమ్మలేదు. తర్వాత లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

“ఏం చెయ్యాలి అబ్బాయ్?”

“ముందుగా మీ దృష్టి ప్రామాణికమైనదో కాదో నిర్ధారించుకొనవలెను” అన్నారు ఏఈ గారు. “రక్షణ ఉపకరణము అమర్చని వస్తువు దేనినైనా చూడండి.”

బాబాయి తలెత్తి చుట్టూ చూశాడు. ఎన్నాళ్ళకో తలెత్తి చూసే అనుమతి దొరికినవాడిలాగా నింపాదిగా చూశాడు. చూపు వేపచెట్టు దగ్గర ఆగింది.

“ఆ బండి కొత్తదా? భలే మెరుస్తందే.”

టప్పుమని చప్పుడయింది. వెనక టైరు.

నీడ జరిగి బండి ఎండలో పడ్డదనీ, గాలి ఎక్కువ కొట్టించి ఉంటారనీ నేననుకుంటాను. నన్నెవరూ అడగలేదు. ఏఈ గారు కాసేపు బండి వైపు చూసి, ‘పరీక్షా సాధనము: ప్రామాణికము’ అని రాశారు.

తర్వాత బాబాయిని మా ఇంటి ఎదురుగా నిలబెట్టారు. “ఇల్లు భలే చల్లగా ఉందే” అన్నాడు బాబాయి. ఫ్యాను లేని హాల్లోంచి వేడి మా మొహాలకు కొడుతోంది. వాచీ పెట్టుకుని అరగంట చూశారు. ఏమీ కాలేదు. గోడ పగల్లేదు, పొయ్యి ఆరలేదు, కోటమ్మ కింద పడలేదు.

‘ఉపకరణము నం. 2: పనిచేయుచున్నది’ అని రాసి, ఏఈ గారు బండి నెట్టుకుంటూ వెళ్ళిపోయారు. గేటు దాకా నేనూ ఒక చెయ్యి వేశాను. బాబాయి ఆ రోజంతా ఇస్త్రీ చొక్కా విప్పలేదు.

*

మండలి కమిటీ ముందుకు నన్ను పిలిపించారు. మల్లీశ్వరికి తొమ్మిదో నెల వచ్చింది. ఎస్టేటు ఆఫీసరు సత్యవాణి గారు పెద్ద కుర్చీలో, ఏఈ గారు పక్కన, ఇంకో ముగ్గురు సభ్యులు అటూ ఇటూ కూర్చున్నారు. వాళ్ళ తలల మీద నాలుగు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఎవరి కాగితాలు వాళ్ళు రెండు చేతులతో అదిమిపట్టుకున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కడికి గాలి రాదు.

“సభ్యులారా” అన్నారు సత్యవాణి గారు, “నేడు మన ముందున్నది ఒక కాయ కాదు. ఒక సూత్రం. నేడు గుమ్మడికాయ, రేపు కిటికీ. ఇట్లు మార్చుకొంటూ పోయినచో కొంతకాలమునకు మండలి వారి ఇల్లు మండలి వారికే గుర్తు రాదు.”

సభ్యులు తలలూపారు.

“అయితే మేడమ్” అన్నారు ఒక సభ్యుడు, “ఇద్దరు వేలాడు ఉపకరణములలో... అనగా రెంటిలో, పంకా పనిచేయుట లేదు. గుమ్మడికాయ పరీక్షలో నెగ్గినది. పథకము ప్రకారము పనిచేయని ఉపకరణమును, పనిచేయుచున్నదని రుజువైన అదే వర్గపు ఉపకరణముతో మార్చవలెను.”

“అదే వర్గమా?”

“రెండును వేలాడునవే.”

సత్యవాణి గారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. పై ఫ్యాను ఆమె ముంగురులను అటూ ఇటూ ఎగరేసింది.

“మండలి చరిత్రలో ఇది మొదటి శాస్త్రీయ నిర్ణయం” అన్నారు.

నేను దండం పెట్టి బయటికి వచ్చాను. కాలువ మీద ఇరవై ఆరేళ్ళు చేశాను. పైనుంచి నీళ్ళు వదిలాక షట్టరుకు అడ్డం నిలబడే కంటే, అవి ఏ గండి దగ్గర తిరుగుతాయో చూసుకోవడం మేలు.

*

ఉత్తర్వు కాపీ ఇవ్వడానికి పరాంకుశం గారు పిలిచారు. చదివి వినిపించారు.

‘ఒకటి. బి-14 హాలు నందు పనిచేయని పంకా స్థానమున, పరీక్షయందు నెగ్గిన నమూనాకు చెందిన గుమ్మడికాయను అమర్చుకొనుటకు అనుమతించడమైనది. రెండు. గుమ్మము నందలి గుమ్మడికాయ పన్నెండు పర్యాయములు అనధికారముగా మార్చబడినందున, విచారణ ముగియువరకు అచ్చట గుమ్మడికాయ కట్టరాదు. మూడు. అయినను వేలాడు ఉపకరణముల సంఖ్య ఎట్టి పరిస్థితులయందును రెండునకు తగ్గరాదు. తగ్గినచో ఇల్లు ఖాళీ చేయించబడును.’

“సంతకం పెట్టు” అన్నారు.

“సారూ, ఒక్క మాట. రెండుకు తగ్గకూడదంటే, గుమ్మం దగ్గర ఏదో ఒకటి వేలాడాలి గదా?”

“వేలాడాలి.”

“ఏం కట్టుకోవచ్చు?”

“గుమ్మడికాయ తప్ప ఏదయినా. వేలాడు ఉపకరణం అయితే చాలు.”

“ఫ్యాను వేలాడుద్దా సారూ?”

ఆయన రిజిస్టరు తీశారు. తన చేతిరాతే. “పదకొండేళ్ళు నంబరు ఒకటిగా వేలాడింది గదా. వేలాడుద్ది.”

“ఆ ముక్క రాసివ్వండి.”

పరాంకుశం గారు అద్దాల పైనుంచి నన్ను చూశారు. తర్వాత ‘స్థానము నం. 2: పంకా’ అని రాసి, ముద్ర మటుకు గట్టిగా వేశారు.

*

గుమ్మడికాయ కట్టే ఇనుప కొక్కెం వరండా శ్లాబులోంచే వచ్చింది. మేకు కొట్టలేదు. పక్కన బల్బు ఉన్న చోటునుంచి మెకానిక్ తీగ లాగాడు. మంచం కిందనుంచి అట్టపెట్టె బయటికి వచ్చింది. హాల్లో పాత ఫ్యాను దించి, ఆ కొక్కేనికి గుమ్మడికాయ కట్టాం. రెగ్యులేటరు ఒకటి మీద పెట్టినా అయిదు మీద పెట్టినా దాని వేగం ఒకటే.

రోహిణి కార్తె రేపనగా రాజ్యలక్ష్మమ్మ కోడల్ని వెంటబెట్టుకుని ఆటో దిగింది. చెప్పులు కూడా విడవకుండా సరాసరి హాల్లోకి వెళ్ళి తల పైకెత్తింది. మల్లీశ్వరి వెనకాల నడుం పట్టుకుని నిలబడింది. మొహమంతా చెమట.

“ఏంది వదినా ఇది?”

“గుమ్మడికాయ” అంది కోటమ్మ.

“అది కనపడతానే ఉంది. ఫ్యానేది?”

“మండలోళ్ళు అదే పెట్టుకోమన్నారు.”

రాజ్యలక్ష్మమ్మ ఇంకోసారి పైకి చూసింది. అప్పుడు చాలా నెమ్మదిగా అంది. “ఆటో వెళ్ళలేదుగా. పద మల్లీ.”

మల్లీశ్వరి తల్లి వంక చూసింది. కోటమ్మ చేతిలో మడతపెట్టిన బొంత అట్లాగే ఉండిపోయింది. అత్తాకోడళ్ళిద్దరూ వరండాలోకి వచ్చారు. నేను అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాను. స్విచ్చు వేశాను.

మొదట రాజ్యలక్ష్మమ్మ పైట చెంగు లేచింది. తర్వాత మల్లీశ్వరి ముంగురులు. వియ్యపురాలు తలెత్తి, గుమ్మం ముందు తిరుగుతున్న ఫ్యానును చూసి, వరండా గట్టు మీద చతికిలబడింది. ఆటోవాడు హారను కొట్టాడు.

“నువ్వెళ్ళు బాబూ” అందామె. “వదినా, మంచం ఇక్కడే వెయ్యండి. లోపల ఆ కాయ కింద ఎవురు పడుకుంటారు?”

తొమ్మిదో రోజున ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రినుంచి తెచ్చి వరండాలోనే పడుకోబెట్టాం. కాలువ మీదనుంచి వచ్చే గాలికి ఫ్యాను గాలి తోడయి, పిల్లకు ఒక్క చెమటకాయ రాలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి కాలనీలో సగం మంది ఏదో ఒక పని మీద మా గట్టు మీద చేరేవాళ్ళు. టైలరు మిషను కూడా తెచ్చుకుంటాడేమోనని చూశాను.

ఇరవై ఒకటో రోజు దాటాక ఏఈ వేదాద్రి గారు అమరిక తనిఖీకి వచ్చారు. బండి గేటు బయటే, బి-15కు కనపడకుండా పెట్టి నడిచొచ్చారు. అదే వేళకు గురవయ్య బాబాయి కూడా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో పిల్లకు గిలక్కాయ.

గుమ్మానికి గుమ్మడికాయ లేదు. కోటమ్మ చెంగు తీసి పిల్ల మొహం మీద కప్పబోయింది. బాబాయి అది చూశాడు. వరండా అంచునే ఆగి, నేల చూపులు చూస్తూ, గిలక్కాయ గట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

“కూర్చో బాబాయ్” అన్నాను.

కోటమ్మ నన్ను చంపేసేట్టు చూసింది. కుర్చీ ఫ్యాను కిందికి జరిపాను. బాబాయి కూర్చున్నాడు. నేను రెగ్యులేటరు అయిదుకు తిప్పాను.

“పిల్ల...” అన్నాడు బాబాయి, మంచం వైపు ఒరిగి. కోటమ్మ మళ్ళీ చెంగు అందుకుంది. “పిల్ల భలే...” అన్నాడు. గాలి మొహాన కొడుతోంది. అప్పుడే భోంచేసి వచ్చాడు. రెప్పలు బరువుగా దిగాయి. మళ్ళీ సగం లేచాయి. “భలే...” అంటూ తల భుజం మీదికి వాలిపోయింది. సన్నగా గురక మొదలయింది.

ఏఈ గారు వాచీ పెట్టుకుని అరగంట చూశారు. పిల్ల ఒకసారి ఆవులించింది. బాబాయి కళ్ళు తెరవలేదు.

‘స్థానము నం. 2 నందలి ఉపకరణము పనిచేయుచున్నది’ అని రాశారు ఏఈ గారు. కొంచెం ఆలోచించి కింద ఇంకో వరస చేర్చారు. ‘దృష్టి నివారణయందు గుమ్మడికాయ కన్న మెరుగు.’ రుమాలుతో మెడ తుడుచుకుని, ఫ్యాను కిందికి ఇంకొంచెం జరిగి, పెన్ను నా వైపు తిప్పారు.

“మరి హాలులోనిది?”

“అదీ బాగానే ఉందండి” అన్నాను. “పాతదానిలాగా మూలగడం లేదు.”